చంపిన మేక, వదిలిన మేక: హెబ్రీ బలుల నుంచి సిలువ దాకా

క్లుప్తంగా

బైబిలు పాత నిబంధన గ్రంథమైన లేవీయకాండంలోని బలులన్నీ పాపికి బదులుగా పశువును చంపే ఏర్పాటు కాదు. అయిదు రకాల అర్పణల్లో పాపంతో నేరుగా ముడిపడినవి రెండే. వాటిలోనూ అసలు పని వధలో లేదు, ఆ తర్వాత రక్తాన్ని ఎవరు, ఎక్కడ, ఎలా పూశారన్నదానిలో ఉంది. కొత్త నిబంధన రచయితలు పస్కా (ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసే పండుగ), నిబంధన రక్తం, ప్రాయశ్చిత్త దినం, యెషయా చెప్పిన బాధామయ సేవకుడు అనే వేర్వేరు మూలాలను తీసుకుని ఒకే మరణానికి అన్వయించారు. 'మన శిక్షను ఆయన భరించాడు' అన్న సూత్రం ఇప్పుడున్న న్యాయస్థానపు రూపంలో స్థిరపడింది 16వ శతాబ్దపు ఐరోపాలో. ఈ పొరలను విడదీయకుండా చదివితే పాత నిబంధనా తికమకపెడుతుంది, కొత్త నిబంధనా తికమకపెడుతుంది.

ఒక వాక్యంలో నాలుగు ఆచారాలు

శుభ శుక్రవారం దగ్గరపడితే చర్చి ప్రసంగాల్లోనూ వాట్సాప్‌లోనూ ఒక వివరణ తిరుగుతుంటుంది. పాత నిబంధన కాలంలో పాపి ఒక గొర్రెపిల్లను తెచ్చి, తలమీద చేతులుంచి తన పాపాన్ని దాని మీదికి దింపేవాడు, అతనికి రావలసిన చావు అది చచ్చేది, క్రీస్తే ఆ గొర్రెపిల్ల అని. వినడానికి సులువుగానే ఉంటుంది. లేవీయకాండం తెరిచి ఆ ఆచారం ఏ అధ్యాయంలో ఉందో వెతికితే మాత్రం ఒక్కచోట దొరకదు.

గొర్రెపిల్ల ప్రధానంగా పస్కాది. తోరాలో, అంటే మోషే పేరిట ఉన్న తొలి అయిదు గ్రంథాల్లో, పస్కా పాపపరిహార బలి కాదు. రెండు చేతులూ తలమీద మోపి పాపాలు ఒప్పుకోవడం ప్రాయశ్చిత్త దినాన రెండో మేక విషయంలో జరుగుతుంది. ఆ మేకను బలిపీఠం మీద వధించరు. చెయ్యి మోపి వధించడం మామూలు బలుల్లో ఉంది, కానీ పాపం పశువు మీదికి దిగిందని అక్కడ ఎక్కడా రాయలేదు. ఒకరి దోషం మరొకరు మోయడమన్న ఊహ బలంగా కనిపించేది యెషయా 53లో. అది యాజకుల చేతిపుస్తకం కాదు, ప్రవక్త పద్యం.

తెలుగులో ఈ తికమకకు భాష కూడా తోడవుతుంది. 'బలి' అనగానే మనకు గుర్తొచ్చేది గ్రామదేవత జాతర, పొలిమేర చుట్టూ చల్లే పొలి. 'ప్రాయశ్చిత్తం' ధర్మశాస్త్రాల మాట. అక్కడ తప్పు చేసినవాడే కృచ్ఛ్రమో చాంద్రాయణమో లాంటి కఠిన వ్రతం ఆచరించి శుద్ధి పొందుతాడు. లేవీయకాండంలో ప్రాయశ్చిత్తం చేసేది తప్పు చేసినవాడు కాదు, యాజకుడు. వైదిక పశుయాగంతో పోలికలు పెట్టేవారికీ ఒక ఇబ్బంది ఉంది. అక్కడ పశువును ఊపిరాడకుండా చేసి చంపుతారు, ఆహుతికి ప్రధానం వప అనే కొవ్వు పొర, రక్తం రాక్షసుల భాగం. హెబ్రీ పద్ధతిలో కొవ్వు దగ్గర పోలిక నిలుస్తుంది గానీ రక్తం దగ్గర పూర్తిగా తల్లకిందులవుతుంది.

అయిదు అర్పణలు, అయిదు పనులు

లేవీయకాండం 1 నుంచి 7 అధ్యాయాల దాకా ఉన్నది బలుల విధివిధానం. మొదటిది దహనబలి. పశువును ముక్కలు చేసి, పేగులూ కాళ్లూ నీళ్లతో కడిగి, మొత్తం కాల్చేస్తారు. చర్మం ఒక్కటే మిగులుతుంది, అది యాజకుడికి. రెండోది నైవేద్యం. ఇందులో పశువే లేదు. మెత్తటి పిండి, నూనె, సాంబ్రాణి ఉంటాయి. ఉప్పు తప్పనిసరి, పులిసినదీ తేనె కలిసినదీ బలిపీఠం మీద కాల్చకూడదు. మూడోది సమాధానబలి, అంటే పంక్తి భోజనం లాంటిది. కొవ్వు, మూత్రగ్రంథులు, గొర్రె అయితే దాని బరువైన తోక పీఠానికి. బోర, కుడి జబ్బ యాజకులకు. మిగతా మాంసం తెచ్చినవాడి ఇంటిల్లిపాదికి. కృతజ్ఞతగా తెచ్చినదైతే ఆ రోజే తినెయ్యాలి. మొక్కుబడిదైతే మర్నాటి దాకా ఉంచుకోవచ్చు. మూడో రోజున ఎవరైనా తింటే మొత్తం బలే చెల్లకుండా పోతుంది.

ఈ మూడింటినీ పాపానికి శిక్షగా చదవడానికి చాలా అవస్థపడాలి. దహనబలి గురించి 'అతని నిమిత్తం ప్రాయశ్చిత్తం' అన్న మాట ఒకచోట ఉన్నా, ఫలానా తప్పు చేస్తే తేవాలన్న షరతు అక్కడ లేదు.

మిగిలినవి రెండు. పాపపరిహారార్థబలిలో ఎవరు తప్పు చేశారన్నదాన్ని బట్టి పశువు మారుతుంది. అభిషేకం పొందిన యాజకుడైనా మొత్తం సమాజమైనా కోడెదూడ, అధికారి అయితే మేకపోతు, సామాన్యుడైతే ఆడమేక లేదా ఆడ గొర్రెపిల్ల. 5వ అధ్యాయంలో చెప్పిన కొన్ని తప్పులకు, అంత స్తోమత లేనివాడు రెండు తెల్ల గువ్వలు గానీ రెండు పావురపు పిల్లలు గానీ తెస్తే చాలు. అదీ లేనివాడు పిండి తెస్తాడు, ఏఫాలో పదోవంతు, సుమారు రెండు లీటర్ల కొలత. దానిలో నూనె పొయ్యకూడదు, సాంబ్రాణి వెయ్యకూడదు. యాజకుడు పిడికెడు తీసి కాలుస్తాడు, అతనికి క్షమాపణ కలుగుతుంది.

అంటే చుక్క రక్తం లేకుండానే పాపక్షమాపణ ఉంది. 'రక్తము చిందింపకుండ పాపక్షమాపణ కలుగదు' అని కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక 9:22 నుంచి తరచుగా ఉటంకిస్తారు. ఆ వచనంలో గ్రీకు మూలం 'దాదాపు' అనే అర్థమిచ్చే మాట వాడింది. తెలుగు పాత అనువాదం కూడా దాన్ని వదల్లేదు, వాక్యం చివర 'సామాన్యముగా చెప్పవచ్చును' అని ఉంది. ప్రసంగాల్లో రాలిపోయేది ఆ ముక్కే. పత్రిక రచయితకు పిండి సంగతి తెలియకపోవడమేమీ లేదు.

అయిదోది అపరాధపరిహారార్థబలి. దీనికి లెక్క ఉంది. పొరుగువాడిని మోసం చేసి 100 తులాల వెండి కాజేసినవాడు, అసలుకు అయిదో వంతు కలిపి 120 తులాలు సొంతదారుడి చేతిలో పెట్టాలి. ఆ తర్వాతే పొట్టేలు. పొట్టేలు ఆ అప్పుకు బదులు కాదు. అప్పు తీరాక దేవుడి దగ్గర మిగిలిన దోషానికి. బలిపీఠం దగ్గరకు వచ్చాక సహోదరుడితో తగవు గుర్తొస్తే అర్పణను అక్కడే విడిచి వెళ్లి సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో యేసు చెప్పిన మాట ఈ వరసకే చెందుతుంది.

వధ ఎవరైనా చెయ్యవచ్చు, రక్తం ఎవరైనా ముట్టకూడదు

బలిలో కీలకం ఏదో తెలుసుకోవాలంటే ఏ పని ఎవరికి అప్పగించారో చూస్తే చాలు. తెచ్చినవాడు పశువు తలమీద ఒక చెయ్యి మోపుతాడు. లేవీయకాండం ప్రకారం వధించేది సాధారణంగా అతనే. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన యూదు ధర్మశాస్త్ర సంకలనం మిష్నా ఇంకా స్పష్టంగా చెబుతుంది. యాజకులు కానివారు, స్త్రీలు, దాసులు వధించినా బలి చెల్లుతుంది. కానీ కారుతున్న రక్తాన్ని గిన్నెలో పట్టే క్షణం నుంచి యాజకుడే ఉండాలి. పట్టడం, మోసుకెళ్లడం, పీఠానికి తాకించడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి అనర్హుడి చేత జరిగినా బలి పాడవుతుంది.

పనిలో చిక్కులు కూడా రక్తం చుట్టూనే ఉన్నాయి. అది త్వరగా గడ్డకడుతుంది, గడ్డకట్టిన రక్తాన్ని చిలకరించడం కుదరదు. అందుకే పస్కా రోజున వాడే వెండి, బంగారు గిన్నెలకు అడుగు చదునుగా ఉండేది కాదని మిష్నా చెబుతుంది. కిందపెట్టే వీలే లేకపోతే యాజకుడు మరిచిపోయి ఎక్కడో ఉంచెయ్యడు. యాజకులు వరసగా నిలబడి గిన్నెలు చేతులు మార్చుకుంటూ పీఠం దాకా చేర్చేవారు. ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు ధూపం వెయ్యడానికి లోపలికి వెళ్తే, అప్పటిదాకా ఒకరు ఆ రక్తాన్ని కలియబెడుతూనే ఉండాలి.

ఇక రక్తం చేరే చోటు. సామాన్యుడి, అధికారి పాపపరిహారార్థబలిలో ఆవరణలోని బలిపీఠపు నాలుగు కొమ్ములకు రక్తం పూసి, మిగిలినది పీఠం అడుగున పోస్తారు. యాజకుడి తప్పయినా సమాజమంతటి తప్పయినా రక్తం గుడారం (ఆలయానికి ముందు దేవుడి నివాసంగా ఉన్న డేరా) లోపలికి వెళ్తుంది. అడ్డతెర ఎదుట ఏడుసార్లు చిలకరించి, ధూపవేదిక కొమ్ములకు పూస్తారు. ఏడాదికి ఒక్కరోజు అది తెర దాటి అతి పరిశుద్ధ స్థలానికి చేరుతుంది. తప్పు ఎంత పెద్దదైతే రక్తం అంత లోపలికి.

ఇంత జరిగినా తప్పు చేసినవాడి మీద ఒక్క చుక్క పడదు. (కుష్ఠురోగి శుద్ధిలోనూ యాజకుల ప్రతిష్ఠలోనూ మనుషులకు రక్తం పూస్తారు, అవి వేరే ఆచారాలు.) అమెరికన్ యూదు పండితుడు జేకబ్ మిల్‌గ్రోమ్ తన జీవితకాలపు పరిశోధనలో పట్టుకున్నది ఈ సంగతినే. ఆయన వాదన ప్రకారం ఇశ్రాయేలీయుల పాపాలూ అపవిత్రతలూ దూరం నుంచే పరిశుద్ధ స్థలానికి మైలగా అంటుకుంటాయి. పేరుకుపోతే దేవుడు ఆ ఇంట్లో ఉండడు. రక్తం ప్రాణం గనక ఆ మైలను తొలగించే ద్రవ్యం. కాబట్టి ఆ బలికి 'పాపపరిహార' అన్న పేరు కన్నా 'శుద్ధి బలి' అన్నదే సరిపోతుందన్నాడు.

మైల అన్న మాట తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది అర్థం కావడం కష్టం కాదు. బిడ్డను కన్న తల్లి కూడా ఈ బలి తేవాలి. మగబిడ్డ అయితే 7, 33 కలిపి 40 రోజులు, ఆడపిల్ల అయితే 80 రోజులు గడిచాక ఏడాది గొర్రెపిల్ల దహనబలికి, ఒక పక్షి పాపపరిహారార్థబలికి. పేదరాలైతే రెండు పక్షులు. లూకా 2:24లో మరియ, యోసేపు తెచ్చింది ఆ పేదల అర్పణే. కాన్పు పాపం కాదు. ఇక్కడ తీరుతున్నది పురుటి మైల. పాపం ఎరగని బలిపీఠానికి కూడా ప్రతిష్ఠ సమయంలో ఇదే బలి జరుగుతుంది. పశువు పాపి శిక్షను మోస్తుందన్న వివరణ ఈ రెండు చోట్లా పని చెయ్యదు.

ఇంకో సాక్ష్యం మాంసం. పాపం పశువులోకి దిగివుంటే ఆ మాంసం అపవిత్రం కావాలి. సామాన్యుడి పాపపరిహారార్థబలి మాంసం 'అతి పరిశుద్ధం'. యాజకులు పరిశుద్ధ స్థలంలోనే తినాలి.

రెండో వైపు వాదన

అయితే ప్రాణానికి ప్రాణం అన్న భావం మొత్తంగా తర్వాతివారి కల్పన అనడమూ సరికాదు. లేవీయకాండం 17:11 రక్తం ఎందుకు ప్రాయశ్చిత్తం చేస్తుందో చెప్పే ఒకే ఒక్క వచనం. దాని చివరి హెబ్రీ పదబంధంలోని ఉపసర్గను 'ప్రాణం వల్ల' అనీ చదవొచ్చు, 'ప్రాణానికి మారుగా' అనీ చదవొచ్చు. తెలుగు బైబిలు 'ప్రాణమునుబట్టి' అంది. లేవీయకాండానికి క్రీస్తుకు ముందే చేసిన సెప్టువజింట్ గ్రీకు అనువాదం 'ప్రాణానికి బదులు' అనే అర్థమిచ్చే మాట వేసింది. కనుక ఆ పఠనం క్రైస్తవం కన్నా పాతది, యూదులే చేసినది.

ప్రాయశ్చిత్తం చెయ్యడానికి హెబ్రీలో ఉన్న అసలు మాట 'కిప్పెర్' దగ్గరే చీలిక ఉంది. అదే ధాతువుకు చెందిన అక్కాదు (ప్రాచీన మెసొపొటేమియా) భాషా క్రియకు తుడవడం అని అర్థం. అదే ధాతువు నుంచి పుట్టిన హెబ్రీ నామవాచకం 'కోఫెర్' అంటే విడుదల సొమ్ము, ప్రాణానికి చెల్లించే వెల. తుడవడమా, వెల కట్టడమా? శుద్ధి ఆచారాల్లో మొదటిది అతుకుతుంది, 17:11 దగ్గర రెండోది అతుకుతుంది. ఒకే అర్థాన్ని అన్నిచోట్లా రుద్దడమే తప్పు.

మిల్‌గ్రోమ్ సిద్ధాంతానికీ చిక్కులున్నాయి. లోపలికి రక్తం వెళ్లిన బలి కళేబరాన్ని పాళెం వెలుపల కాల్చేవాడు బట్టలు ఉతుక్కుని స్నానం చేసి గానీ తిరిగి రాకూడదు. ఏదో అంటుకుందన్నమాటే. లేవీయకాండం 10:17లో యాజకులు ఆ మాంసం తినడానికీ సమాజపు దోషశిక్షను భరించడానికీ ముడి కనిపిస్తుంది. మోయడమన్న భావన ఈ వ్యవస్థలో ఉంది, కాకపోతే చాలాచోట్ల మోసేది పశువు కాదు.

ఏడో నెల పదో రోజు

మోసే పశువు ఒకటుంది. దాని కథ లేవీయకాండం 16లో. ఏడో నెల పదో రోజున ప్రధాన యాజకుడు బంగారపు పని ఉన్న వస్త్రాలు విప్పి, స్నానం చేసి, మామూలు నారబట్టలు కడతాడు. తన కోసం ఒక కోడె, ప్రజల కోసం రెండు మేకపోతులు, దహనబలులకు రెండు పొట్టేళ్లు. మేకల మీద చీట్లు వేస్తారు. ఒకటి యెహోవా పేరట, రెండోది హెబ్రీలో 'అజాజేల్' పేరట. ఆ పేరు అరణ్యంలోని ఒక శక్తిదా, కొండ చరియదా, లేక 'పోయే మేక' అనే అర్థమా అన్నది ఇప్పటికీ తెగలేదు. తెలుగు బైబిలు మూడోదాన్ని పట్టుకుని 'విడిచిపెట్టే మేక' అంది.

యాజకుడు ముందు కోడెను వధిస్తాడు. నిప్పులూ, రెండు గుప్పిళ్ల పరిమళ ధూపమూ తీసుకుని తెర లోపలికి వెళ్తాడు. పొగ మందసపు (ఆజ్ఞల పలకలుంచిన పెట్టె) మూతను కప్పెయ్యాలి, లేకపోతే చస్తాడని హెచ్చరిక. ఆ మూత పేరు 'కప్పోరెత్', రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు ఉన్న మేలిమి బంగారం. దాని మీద కోడె రక్తాన్ని ఒకసారి, దాని ఎదుట ఏడుసార్లు వేలితో చిలకరిస్తాడు. తర్వాత యెహోవా మేకను వధించి దాని రక్తంతో అలాగే చేస్తాడు. ఒకటి, ఒకటీ ఒకటి, ఒకటీ రెండు అంటూ పైకి లెక్కపెట్టేవాడని మిష్నా చెబుతుంది, లెక్క తప్పకూడదు గనక. ఆపైన గుడారానికీ బయటి పీఠానికీ శుద్ధి.

స్థలమంతా శుద్ధి అయ్యాకనే బతికున్న మేకను తెస్తారు. రెండు చేతులూ దాని తలమీద మోపి, ఇశ్రాయేలీయుల దోషాలన్నీ ఒప్పుకుని, దాని మీద మోపి, ఒక మనిషితో అరణ్యానికి పంపిస్తాడు. పాపాలు మోసిన మేక చావదు. చచ్చిన మేక పాపాలు మోయదు. ఒకటి ఇల్లు కడుగుతుంది, రెండోది చెత్త మోసుకుపోతుంది. (బబులోను చెర తర్వాత కట్టిన రెండో ఆలయ కాలానికి ఆ మేకను కొండ అంచు నుంచి వెనక్కి తోసెయ్యడం ఆచారమైంది. తిరిగి ఊళ్లోకి రాకూడదన్న జాగ్రత్త అయి ఉంటుంది.) పాపం లేకుండా నిందలు మోసేవాణ్ని తెలుగులో 'బలిపశువు' అంటున్నాం. అలా నిందలు మోసిన ఈ మేక మాత్రం బలి కాని పశువు.

ఈ రోజుకు ఇంకో ప్రత్యేకత ఉంది. తప్పుల విషయంలో మామూలు పాపపరిహారార్థబలి ప్రధానంగా పొరపాటున చేసినవాటికే. కావాలని, చెయ్యి ఎత్తి చేసినదానికి సంఖ్యాకాండం 15:30 ప్రకారం బలి లేదు, జనంలోంచి కొట్టివేతే. ప్రాయశ్చిత్త దినపు జాబితాలో మాత్రం తిరుగుబాటు అనే అర్థమిచ్చే 'పెషా' అన్న మాట కూడా ఉంది.

కొత్త నిబంధన ఏ ఆచారాన్ని ఎందుకు ఎంచుకుంది

యేసు చనిపోయింది పస్కా పండుగ రోజుల్లో, ప్రాయశ్చిత్త దినాన కాదు. తొలి అన్వయం సహజంగా పస్కాతోనే మొదలైంది. క్రీ.శ. 50ల్లో పౌలు కొరింథువారికి 'క్రీస్తు అను మన పస్కా పశువు వధింపబడెను' అని రాశాడు. పక్కనే చెప్పింది పాత పులిపిండి తీసిపారెయ్యమని, శిక్ష గురించి కాదు. యోహాను సువార్త ఈ పోలికను వివరాల దాకా తీసుకెళ్లింది. పస్కా రక్తం పూయడానికి వాడిన హిస్సోపు కొమ్మ ఉంది, పస్కా పశువుకు విధించినట్లే ఎముక విరగకపోవడం ఉంది, పస్కా సిద్ధపరచే దినాన శిక్ష ఉంది. మిగతా మూడు సువార్తల్లో కడరాత్రి భోజనమే పస్కా భోజనం కాబట్టి ఒక రోజు తేడా వస్తుంది. ఆ తేడాను సర్దడానికి శతాబ్దాల సిరా ఖర్చయింది.

భోజనం దగ్గర పలికిన 'నిబంధన రక్తము' ఇంకో మూలానిది. నిర్గమకాండం 24లో మోషే సగం రక్తాన్ని బలిపీఠం మీద, సగాన్ని ప్రజల మీద ప్రోక్షిస్తాడు. అది ఒప్పందానికి ముద్ర, అక్కడ పాపం ఊసు లేదు. 'పాపక్షమాపణ నిమిత్తము' అన్న మాటను ఆ గిన్నె దగ్గర చేర్చినది మత్తయి ఒక్కడే.

రోమా 3:25లో పౌలు ప్రాయశ్చిత్త దినాన్ని తాకాడు. అక్కడి గ్రీకు మాట 'హిలస్తేరియోన్'. సెప్టువజింట్ కప్పోరెత్‌కు వాడిన మాటే అది. హెబ్రీ 9:5లో ఇదే మాట వస్తే తెలుగు బైబిలు 'కరుణాపీఠము' అంది, రోమా పత్రికలో 'కరుణాధారము' అంది. తెలుగులో చదివేవాడికి రెండూ ఒకే మాటని తెలిసే దారి లేదు. పౌలు చెబుతున్నది క్రీస్తు దేవుడు మనిషిని కలిసే చోటు అనా, కోపాన్ని చల్లార్చే అర్పణ అనా? 1930ల్లో బైబిలు పండితుడు సి.హెచ్. డాడ్ ఈ పదాల కుటుంబానికి పాపాన్ని తుడవడమే అర్థమన్నాడు, 1950ల్లో మరో పండితుడు లియోన్ మోరిస్ దేవుడి ఉగ్రతను శాంతింపజేయడం కూడా ఉందన్నాడు. ఇంగ్లీషు అనువాదాలు ఇప్పటికీ ఆ రెండు పక్షాలుగానే చీలి ఉన్నాయి. తెలుగు బైబిలు 1 యోహాను 2:2లో 'శాంతికరము' అని మోరిస్ పక్షానికి దగ్గరగా ఉంది.

ఆలయ విధానాన్ని దశలవారీగా తీసుకున్నది హెబ్రీ పత్రిక ఒక్కటే. దానికి ముందుగా ఎదురైన అడ్డంకి, యేసు యూదా గోత్రికుడు, యాజకత్వం లేవీయులది. అందుకే 110వ కీర్తనలోని మెల్కీసెదెకు, లేవీ వంశం కాని యాజకుడు, కావలసివచ్చాడు. తర్వాతి తర్కం పూర్తిగా లేవీయకాండం 16వ అధ్యాయానిదే. యాజకుడు ఏడాదికోసారి తనది కాని రక్తంతో లోపలికి వెళ్తాడు, క్రీస్తు ఒక్కసారే సొంత రక్తంతో పరలోకపు గుడారంలోకి వెళ్లాడు. ఈ లెక్కన సిలువ వధ జరిగిన చోటు. ప్రాయశ్చిత్తం ముగిసేది ఆరోహణం (క్రీస్తు పరలోకానికి వెళ్లడం) తర్వాత, లోపల. 2011లో పండితుడు డేవిడ్ మాఫిట్ ఈ అంశాన్ని గట్టిగా ముందుకు తెచ్చాక, సిలువ దగ్గరే అంతా ముగిసిందన్న అలవాటు పఠనం విద్వత్ చర్చలో సవాలుకు గురైంది. రచయిత చెప్పేది యేసు కాలంలో ఉన్న హేరోదు ఆలయం గురించి కాక మోషే గుడారం గురించి కావడమూ గమనించదగ్గది. రెండో ఆలయంలో మందసం లేదు. కప్పోరెత్ లేని గదిలో, నేలకు మూడు వేళ్ల ఎత్తున్న ఒక రాయి దగ్గర రక్తం చిలకరించేవారు.

ఉపమానం సిద్ధాంతంగా మారిన తీరు

గలతీ 3:13లో క్రీస్తు మనకోసం శాపమయ్యాడని ఉంది. బలి పోలికతో దీన్ని కలిపితే తిరకాసు వస్తుంది. బలిపశువుకు మచ్చ ఉండకూడదు, శపించబడినది పీఠం ఎక్కకూడదు. ఇది ఆలయం భాష కాదు, మ్రాను మీద వేలాడదీసిన నేరస్థుడి గురించిన ద్వితీయోపదేశకాండపు భాష. ఈ రెండింటినీ ఒకదానిలో పోసినప్పుడు పుట్టినదే పైన చెప్పిన వాట్సాప్ వాక్యం.

ఈ కలయిక ఒక్కరోజులో జరగలేదు. తొలి శతాబ్దాల రచయితలు ఎక్కువగా విడుదల వెల గురించీ, మరణం మీద విజయం గురించీ మాట్లాడారు. వెల ఎవరికి చెల్లించాడు, సాతానుకా, తండ్రికా అన్న ప్రశ్నను 4వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు నజియాంజు గ్రెగరీ రెండు వైపులా తోసిపుచ్చాడు. 381 నాటి విశ్వాస ప్రమాణం 'మాకొరకు సిలువ వేయబడి' అని ఊరుకుంది, ఎలా అన్నది చెప్పలేదు. 1098లో కాంటర్బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ దేవుడి గౌరవానికి కలిగిన లోటును పూడ్చాలన్న వాదం తెచ్చాడు. అందులో కనిపించేది లేవీయుల యాజకుడు కాదు, ఐరోపా జమీందారీ సమాజపు ప్రభువు. 16వ శతాబ్దపు సంస్కర్తలు, ముఖ్యంగా న్యాయశాస్త్రం చదివిన కాల్విన్, గౌరవం స్థానంలో చట్టాన్నీ శిక్షనూ ఉంచారు. 1562లో రోమన్ కాథలిక్కుల ట్రెంట్ సభ పూజనే (మాస్) పాపపరిహార బలి అని ప్రకటించింది. తూర్పు సనాతన (ఆర్థడాక్స్) సంఘాలు ఈ న్యాయస్థానపు భాషకు దూరంగానే ఉండి, మనిషి స్వభావం స్వస్థపడి దైవత్వంలో పాలుపంచుకోవడం మీద నిలిచాయి.

తెలుగునాట ప్రొటెస్టెంటు బోధ వేళ్లూనింది 19వ శతాబ్దంలో. 1840లో నెల్లూరుకు శామ్యూల్ డే బాప్టిస్టు మిషన్‌ను, 1842లో గుంటూరుకు హయ్యర్ లూథరన్ మిషన్‌ను తెచ్చారు. వారి సంప్రదాయాల్లో శిక్షకు బదులు అన్న వివరణే ప్రధానం. మన ప్రసంగాల్లో మిగతావి వినిపించకపోవడానికి ఇదొక కారణం.

ఆలయం పోయాక

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చడంతో రోజూ ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటిగా అర్పించే గొర్రెపిల్లల నిత్య దహనబలి ఆగిపోయింది. యూదు గురువులు ప్రార్థన వేళలను ఆ బలుల వేళలకు జతపరిచారు. ప్రాయశ్చిత్త దినం ఉపవాసంగా, పశ్చాత్తాపంగా నిలిచింది. కూలిన ఆలయాన్ని చూసి దుఃఖించిన శిష్యుడికి ఆనాటి యూదు గురువు యోహనాన్ బెన్ జక్కాయ్ హోషేయ 6:6 చూపించి, దయగల పనులే ఇక ప్రాయశ్చిత్తమని ఓదార్చినట్లు సంప్రదాయం చెబుతుంది. 'బలిని కాదు, కనికరమునే కోరుచున్నాను' అన్న ఆ వచనాన్నే మత్తయి సువార్త యేసు నోట రెండుసార్లు పలికించింది. వాదం ఎంత వేరైనా, ఆలయం లేని రెండు సమాజాలూ ఒకే ప్రవక్త తలుపు తట్టాయి.

బలి ఆగని చోటు ఒకటుంది. నాబ్లస్ పక్కన గెరిజీము కొండ మీద సమరయులు (తోరాను పాటించే, యూదుల నుంచి వేరైన చిన్న సమాజం) ఏటా పస్కా సాయంకాలం గొర్రెలను వధించి, గోతుల్లో నిప్పు మీద కాల్చి, నిర్గమకాండం 12 చెప్పినట్లు తొందరతొందరగా రాత్రే తినేస్తారు. మిగిలినదాన్ని తెల్లవారేలోగా కాల్చేస్తారు.